ప్రాసెసర్‌కు అంటుకుపోయిన హీట్‌సింక్‌ను దెబ్బ తగలకుండా విడదీయడం

నాలుగు స్క్రూలూ విప్పేశాక కూడా హీట్‌సింక్ (ప్రాసెసర్ వేడిని బయటికి లాగే రెక్కల లోహపు భాగం) కదలకపోతే చాలామంది మొదట చేసే పని, దాన్ని రెండు చేతులా పట్టుకుని పైకి లాగడం. ప్రాసెసర్లు చేసే ఏఎండీ కంపెనీ వారి ఏఎం4 సాకెట్ (మదర్‌బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే గూడు) ఉన్న కంప్యూటర్లో అలా లాగితే ‘టప్’మని ఒక చప్పుడు వస్తుంది. హీట్‌సింక్ చేతిలోకి వచ్చేస్తుంది, దాని అడుగున ప్రాసెసర్ కూడా అతుక్కుని వస్తుంది, సాకెట్ లీవరు మాత్రం వేసింది వేసినట్టే ఉంటుంది. ఈ సంగతి నాకు నా సొంత ఏఎండీ ప్రాసెసర్, రైజెన్ 5 2600 నేర్పింది. 2018లో కొన్న ఆ కంప్యూటర్‌ను నాలుగేళ్ళ తర్వాత దుమ్ము దులిపి, ప్రాసెసర్‌కూ హీట్‌సింక్‌కూ మధ్య పూసే థర్మల్ పేస్టు మార్చుదామని విప్పినప్పుడు ప్రాసెసర్ అడుగున మూడు పిన్నులు వంగాయి, వాటిలో రెండే నా కంటికి కనిపించాయి. మూడోది ఎలా బయటపడిందో ఆ సందర్భం వచ్చినప్పుడు చెబుతాను. అసలు ఆ మూడూ వంగకుండా చేయవలసిన పని ఏమంత కష్టమైనది కాదు, దానికి కావలసింది ఒక పావుగంట వేడి, కాస్త మెలితిప్పే ఓపిక.

ముందుగా సాకెట్ ఏదో చూసుకోవాలి

ఏఎం4 ప్రాసెసర్ అడుగున 1331 పిన్నులు ఉంటాయి. సాకెట్ పక్కనున్న సన్నని లోహపు లీవరును పైకెత్తితే సాకెట్ పైభాగం కొద్దిగా పక్కకు జరిగి పిన్నులను వదిలేస్తుంది, కిందికి దించితే మళ్ళీ పక్కలనుంచి బిగించి పట్టుకుంటుంది. ప్రాసెసర్‌ను పైనుంచి అదిమిపెట్టే పట్టీ గానీ చట్రం గానీ ఇక్కడ లేవు. అంటే లీవరు వేసి ఉన్నప్పుడు ప్రాసెసర్‌ను సాకెట్‌లో నిలిపి ఉంచుతున్నది పిన్నుల పక్కల పడే ఒరిపిడి మాత్రమే. పైన పేస్టు పట్టు, కింద ఈ ఒరిపిడి, మధ్యలో ప్రాసెసర్. మనం పైకి లాగినప్పుడు ఈ రెండింటిలో ఏది బలహీనమైతే అది ముందుగా వదులుతుంది, పేస్టు గట్టిపడి ఉంటే వదిలేది సాకెట్టే. రైజెన్‌కు ముందు వచ్చిన ఏఎం3, ఎఫ్‌ఎం2 సాకెట్ల వరస కూడా ఇంతే.

ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో 2004లో వచ్చిన ఎల్‌జీఏ 775 నుంచి పిన్నులు మదర్‌బోర్డు మీది సాకెట్‌లోకి మారిపోయాయి, ప్రాసెసర్ అంచులను ఒక ఉక్కు చట్రం పైనుంచి నొక్కి ఉంచుతుంది. ఏఎండీ కూడా 2022లో ఏఎం5తో ఇదే పద్ధతికి వచ్చింది. ఇలాంటి సాకెట్లలో హీట్‌సింక్‌తోపాటు ప్రాసెసర్ ఊడిరావడం అనే ప్రమాదం లేదనే చెప్పవచ్చు. అలాగని బలవంతంగా లాగవచ్చని కాదు. ఆ లాగుడంతా మదర్‌బోర్డు మీద పడి బోర్డు విల్లులా వంగుతుంది, పట్టు ఒక్కసారిగా వదిలినప్పుడు హీట్‌సింక్ అంచు వెళ్ళి ర్యామ్‌కో పక్కనున్న కెపాసిటర్లకో తగులుతుంది. కాబట్టి వేడి చేయడం, మెలితిప్పడం వాటికీ వర్తిస్తాయి. ల్యాప్‌టాప్‌లది మాత్రం వేరే దారి. వాటిలో సాధారణంగా ప్రాసెసర్ మీద లోహపు మూత ఉండదు, చిప్ నేరుగా బయటికే ఉంటుంది, దాని మూలలు గాజులా పెళుసు. ఇక్కడ చెప్పే మెలిక వాటి మీద ప్రయోగించవద్దు. ఈ వ్యాసం డెస్క్‌టాప్‌ల గురించి, ముఖ్యంగా ఏఎం4 గురించి.

పేస్టు అంతగా ఎందుకు పట్టుకుంటుంది

థర్మల్ పేస్టు జిగురు కాదు. జింకు ఆక్సైడ్, అల్యూమినియం ఆక్సైడ్ లాంటి మెత్తని పొడులను సిలికోన్ నూనెలో కలిపిన ముద్ద అది. ప్రాసెసర్ మూతకూ హీట్‌సింక్ అడుగుకూ మధ్య గాలి లేకుండా నిండి ఉండడమే దాని పని. ఏళ్ళ తరబడి వేడెక్కుతూ చల్లారుతూ ఉండేసరికి నూనె కొంత పక్కలకు జారిపోతుంది, మిగిలిన పొడి గట్టిపడుతుంది. హీట్‌సింక్‌తోపాటు కంపెనీ ముందే పూసి పంపే బూడిదరంగు పేస్టు నేను చూసినంతలో విడిగా ట్యూబులో కొనే పేస్టులకన్నా ఎక్కువ మొండిది.

పేస్టు కొత్తదైనా పట్టు తక్కువేమీ కాదు. కడిగిన స్టీలు పళ్ళాలు రెండు తడిమీదే ఒకదానిపై ఒకటి బోర్లించి మర్చిపోతే ఏమవుతుందో వంటింట్లో అందరూ చూసే ఉంటారు. పైదాన్ని నిటారుగా ఎత్తబోతే కిందిది కూడా లేస్తుంది, పక్కకు జరిపితే మాత్రం ఇట్టే వచ్చేస్తుంది. నిటారుగా లాగినప్పుడు రెండింటి మధ్యకు గాలి చొరబడే దారి లేదు, పైనుంచి వాతావరణం చదరపు సెంటీమీటరుకు దాదాపు ఒక కిలో చొప్పున నొక్కుతూనే ఉంటుంది. ఏఎం4 ప్రాసెసర్ 40 మిల్లీమీటర్ల చదరం, పై మూత దానికన్నా కొంచెం చిన్నది. ఆ లెక్కన ఎంత బరువు ఎత్తబోతున్నామో ఊహించుకోవచ్చు. పక్కకు జరపడంలో ఈ బరువుతో పోరాటమే లేదు, పేస్టు చిక్కదనంతో మాత్రమే పని. ఆ చిక్కదనం వేడికి తగ్గుతుంది. చలికాలంలో గడ్డకట్టిన నెయ్యిలో దిగిన చెంచాను లాగితే డబ్బా మొత్తం లేస్తుంది, కాస్త వెచ్చబెడితే చెంచా దానంతట అదే వాలుతుంది. మనం చేయబోయేదంతా ఈ రెండు సంగతుల మీదే ఆధారపడి ఉంది.

చేతికి అందేలా పెట్టుకోవలసినవి

వేడి చేశాక వెతుక్కుంటూ కూర్చుంటే అది కాస్తా చల్లారిపోతుంది కాబట్టి సామాను ముందే బల్లమీద పరచుకోవాలి. పెద్ద తల ఉన్న నక్షత్రపు స్క్రూడ్రైవరు, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పోగులు రాలని మెత్తటి గుడ్డ, పళ్ళ సందుల్లో వాడే డెంటల్ ఫ్లాస్, పనికిరాని పాత ఏటీఎం కార్డు ఒకటి, కొత్త థర్మల్ పేస్టు, మంచి వెలుతురు. హెయిర్ డ్రయ్యర్ ఇంట్లో ఉంటే దగ్గర పెట్టుకోండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను హైదరాబాద్‌లోనైతే కోఠి గుజరాతీ గల్లీలో ఎలక్ట్రానిక్ సామాను అమ్మే దుకాణాల్లో గానీ సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ చుట్టుపక్కల గానీ అడగవచ్చు, మిగతా ఊళ్ళలో మొబైల్ రిపేరు సామాను అమ్మేవాళ్ళ దగ్గర ఐపీఏ అని అడిగితే ఇస్తారు. కరోనా కాలంలో కొని మిగిలిపోయిన శానిటైజర్ సీసా దానికి ప్రత్యామ్నాయం కాదు. చేతులు పొడిబారకుండా అందులో గ్లిసరిన్ లాంటివి కలుపుతారు, అవి ఆరిపోక జిడ్డుగా మిగులుతాయి. గోళ్ళరంగు తుడిచే ద్రవం ప్లాస్టిక్‌ను తినేయగలదు. తుప్పు వదిలించే నూనె స్ప్రేలు అసలే వద్దు.

వేడెక్కించడం

కంప్యూటర్ పనిచేసే స్థితిలోనే ఉంటే దానికన్నా మంచి పొయ్యి ఇంకొకటి లేదు, ఎందుకంటే పేస్టుకు వేడి సరిగ్గా లోపలినుంచే అందుతుంది. ప్రైమ్95, సినీబెంచ్ లాంటి ప్రాసెసర్‌కు పూర్తి పని చెప్పే ప్రోగ్రామ్ ఏదైనా పది పదిహేను నిమిషాలు నడపండి. ప్రాసెసర్ ఉష్ణోగ్రత 60 నుంచి 75 డిగ్రీల మధ్య నిలకడగా ఉంటే చాలు. రైజెన్ 5 2600కు తయారీదారు చెప్పిన గరిష్ఠ హద్దు 95 డిగ్రీలు, అక్కడిదాకా పోనవసరం లేదు. త్వరగా వేడెక్కుతుందని ఫ్యాను తీగ పీకేసి నడిపేవాళ్ళున్నారు, నేను ఆ పని చేయను. కావాలంటే బయోస్‌లోకి, అంటే విండోస్ కన్నా ముందు తెరుచుకునే సెట్టింగుల తెరలోకి వెళ్ళి ఫ్యాను వేగం కొంత తగ్గిస్తే హీట్‌సింక్ దిమ్మ కూడా బాగా వెచ్చబడుతుంది. విండోస్ లేకపోయినా, హార్డ్‌డిస్కు పాడైనా, బయోస్ తెరను తెరిచి అలా పావుగంట వదిలేసినా కొంత వేడి చేరుతుంది.

తర్వాత మామూలుగా షట్‌డౌన్ చేసి, కంప్యూటర్‌కు కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ పెట్టె వెనకున్న స్విచ్చి ఆపి, కరెంటు తీగ ఊడదీసి, క్యాబినెట్ పవర్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోండి. మిగిలిపోయిన కరెంటు దానితో ఖాళీ అవుతుంది. క్యాబినెట్‌లో రంగు వేయని ఇనుప భాగాన్ని ఒకసారి చేత్తో ముట్టుకుంటే ఒంట్లోని స్థిరవిద్యుత్తు పోతుంది. పని సాగుతున్నంతసేపూ నడుమనడుమ ముట్టుకుంటూ ఉండండి. క్యాబినెట్‌ను అడ్డంగా పడుకోబెట్టండి. నిలబెట్టి పనిచేస్తే హీట్‌సింక్ బరువు పట్టు వదిలిన క్షణంలోనే కిందికి వేలాడుతుంది.

కంప్యూటర్ అసలు ఆన్ కాకపోతే హెయిర్ డ్రయ్యరే గతి. మధ్యస్థమైన వేడి మీద పెట్టి, ఒక జానెడు దూరం నుంచి, హీట్‌సింక్ రెక్కల సందుల్లోంచి అడుగు దిమ్మకు తగిలేలా మూడు నాలుగు నిమిషాలు తిప్పుతూ ఊదండి. ఒకేచోట ఆపి ఉంచకూడదు. దిమ్మను వేలితో తాకితే వేడి చురుక్కుమనాలి గానీ వేలు తీసేసుకోవలసినంత కాలకూడదు, అది సరైన గుర్తు. మొబైల్ రిపేరు దుకాణాల్లో వాడే హాట్ ఎయిర్ గన్ ఇందుకు పనికిరాదు, టంకం కరిగించడానికి పుట్టిన పరికరం అది, సాకెట్ ప్లాస్టిక్ ముందు కరిగిపోతుంది.

బిగింపులు విప్పడం

ఏఎం4 మీద ఎక్కువగా కనిపించే రెయిత్ స్టెల్త్ అనే గుండ్రటి హీట్‌సింక్‌కు నాలుగు మూలలా స్ప్రింగులున్న స్క్రూలు ఉంటాయి. ముందు ఫ్యాను తీగను మదర్‌బోర్డు నుంచి ఊడదీయండి. స్క్రూలను ఒకదాన్ని పూర్తిగా విప్పి తర్వాత రెండోది మొదలుపెట్టకుండా, ఎదురెదురు మూలలుగా ఒక్కో స్క్రూను రెండేసి చుట్లు మాత్రమే వదులు చేస్తూ నాలుగింటినీ సమంగా తీసుకురండి. ఒకవైపు మాత్రమే వదులైతే రెండోవైపు స్ప్రింగు హీట్‌సింక్‌ను ఏటవాలుగా తన్నుతుంది, అప్పుడే పిన్నుల వరసల్లో ఒక అంచు మీద బరువు పడుతుంది. ఈ స్క్రూలు బోర్డు వెనకనున్న లోహపు పలకలోకి దిగుతాయి, చివరి స్క్రూ వదలగానే ఆ పలక వెనక్కి జారి పడిపోతుంది. పడుకోబెట్టి ఉంచితే క్యాబినెట్ పళ్ళెం దాన్ని కొంతవరకు ఆపుతుంది, లేదంటే ఒక చేతిని వెనక పెట్టుకోండి.

రెయిత్ ప్రిజమ్ లాంటి వాటికి స్క్రూలు ఉండవు, రెండు పక్కలా ప్లాస్టిక్ బ్రాకెట్లకు తగిలించిన లోహపు కొక్కెం, దాన్ని బిగించే లీవరు ఉంటాయి. లీవరు తిప్పి కొక్కెం వదిలించడం తేలికే గానీ ఆ బ్రాకెట్లు పక్కనే గోడల్లా నిలబడి హీట్‌సింక్‌ను మెలితిప్పే జాగా ఇవ్వవు. స్క్రూడ్రైవరు అందేటట్టుంటే బ్రాకెట్ల స్క్రూలు కూడా విప్పి వాటిని తొలగించడం మంచిది. ఇంటెల్ వారి పుష్‌పిన్ హీట్‌సింక్ అయితే నాలుగు ప్లాస్టిక్ పిన్నుల తలల మీదా బాణం గుర్తు ఉంటుంది, ఆ బాణం చూపే వైపుకు పావువంతు తిప్పి పైకి లాగాలి. ఒక్కటి వదలకపోయినా హీట్‌సింక్ అంటుకుపోయిందనే భ్రమ కలుగుతుంది, కాబట్టి వేడి మొదలుపెట్టడానికి ముందే పిన్ను పిన్నూ చూసుకోండి.

ఇక్కడ ఒక చిన్న అవకాశం ఉంది. కొన్ని హీట్‌సింక్‌ల కింద సాకెట్ లీవరు వేలికి అందుతుంది, పైకెత్తడానికి జాగా కూడా ఉంటుంది. మీ అదృష్టం అలా ఉంటే లీవరును పూర్తిగా ఎత్తి, హీట్‌సింక్‌ను నిటారుగా పైకి తీయండి. ప్రాసెసర్ దానితోపాటే వచ్చినా పిన్నుల మీద ఒరిపిడి ఉండదు కాబట్టి వంగే ప్రమాదం లేదు, మిగతా పని బల్లమీద తీరుబడిగా చేసుకోవచ్చు. అయితే లీవరు ఎత్తాక మెలితిప్పకూడదు. స్టెల్త్ మాత్రం సాకెట్ మీద గొడుగులా కప్పుకుంటుంది, దాని కింద లీవరు లేవదు.

మెలితిప్పడం

ఇదే అసలు ఘట్టం. హీట్‌సింక్‌ను పైనున్న రెక్కల దగ్గర కాకుండా వీలైనంత కిందుగా, దిమ్మ దగ్గర, రెండు చేతుల వేళ్ళతో ఎదురెదురుగా పట్టుకోండి. రెక్కలు పల్చనివి, వంగుతాయి, వేళ్ళు కూడా కోస్తాయి. మూత బిగుసుకున్న ఊరగాయ సీసాను ఎలా పట్టుకుంటామో అలా పట్టుకుని, పైకి లేపే ఉద్దేశం పూర్తిగా మానుకుని, కిందికి చాలా స్వల్పంగా నొక్కుతూ, ఎడమకు కొద్దిగా, కుడికి కొద్దిగా తిప్పండి. మొదట్లో ఏమీ కదలనట్టే అనిపిస్తుంది. ఒత్తిడిని ఒక్కసారిగా పెంచకండి. ఒకవైపు తిప్పి అక్కడే పది సెకన్లపాటు అదే బలంతో ఆపి ఉంచండి, తర్వాత రెండోవైపు. చిక్కటి పదార్థాల స్వభావమే అది, గభాలున లాగితే రాయిలా మొరాయిస్తాయి, నెమ్మదిగా తోస్తే దారి ఇస్తాయి.

పేస్టు వదలడం మొదలైనప్పుడు అది వేళ్ళకు తెలుస్తుంది. అంతవరకు ఒకే ముద్దలా ఉన్న హీట్‌సింక్‌కూ బోర్డుకూ మధ్య ఒక మెత్తని జారుడు పుడుతుంది, చప్పుడేమీ రాదు. చప్పుడు వచ్చిందంటే ఏదో తప్పు జరిగినట్టే. ఐదు పది డిగ్రీల కోణం తిరిగితే చాలు, ముప్పై నలభై డిగ్రీలు తిప్పనవసరం లేదు, ఆ మెలిక బలం కింద పిన్నుల మీద కూడా పడుతూనే ఉంటుందని గుర్తుంచుకోండి. రెండు వైపులా స్వేచ్ఛగా జారుతున్నప్పుడు, తిప్పుతూనే ఒక అంచును పైకి తేలికగా వంచండి. ఆ సందులోంచి గాలి దూరుతుంది, ఇక హీట్‌సింక్ తనంతట తానే లేస్తుంది. స్క్రూల కొనలు బోర్డు రంధ్రాల్లో తగులుతూ తిరగనివ్వకపోయినా, వాటి మధ్య ఉండే కొద్దిపాటి వదులులోనే అటూ ఇటూ ఓపికగా ఆడించండి, అదీ పనిచేస్తుంది.

రెండు మూడు నిమిషాలు ప్రయత్నించినా కదలిక లేకపోతే అప్పటికే అది చల్లారి ఉంటుంది. బలం పెంచే బదులు మళ్ళీ వేడి చేయండి. స్క్రూలను తిరిగి బిగించి, ఫ్యాను తీగ పెట్టి, కంప్యూటర్ మళ్ళీ పావుగంట నడపడం విసుగైన పనే, కానీ నాకు తెలిసినంతలో రెండోసారి వేడికి లొంగనివి అరుదు. ఆదరాబాదరాగా హీట్‌సింక్ లేకుండా గానీ, వదులుగా పెట్టి గానీ ఆన్ చేయవద్దు.

అయినా రాకపోతే

రెండుసార్లు వేడి చేసినా మొండికేస్తే ఆల్కహాల్ సహాయం తీసుకోండి. కరెంటు తీగ ఊడదీసే ఉందని మరోసారి చూసుకుని, ఒక చిన్న సిరంజితో గానీ డ్రాపరుతో గానీ ప్రాసెసర్ మూతకూ దిమ్మకూ మధ్య గీతలా కనిపించే సందు చుట్టూ నాలుగైదు చుక్కలు వేసి పది నిమిషాలు ఆగండి. అది పేస్టు అంచులను మెత్తబరుస్తుంది, లోపలిదాకా పోదు. తర్వాత మూరెడు డెంటల్ ఫ్లాస్ తీసుకుని ఆ సందులో ఒక మూల నుంచి రంపం కోసినట్టు అటూ ఇటూ లాగుతూ లోపలికి నడిపించండి. ఫ్లాస్ దొరకకపోతే చేపల గాలానికి కట్టే సన్నని నైలాన్ దారం పనికొస్తుంది. సంక్రాంతికి మిగిలిన మాంజా మాత్రం ముట్టుకోకండి, దానికి పూసిన గాజుపొడి మూత మీది నికెల్ పూతను గీకేస్తుంది. ఆల్కహాల్ వేసిన వెంటనే హెయిర్ డ్రయ్యర్ పెట్టకూడదు, దాని ఆవిరి మండుతుంది. పూర్తిగా ఆరిపోయాకే మళ్ళీ వేడి సంగతి.

చదునైన స్క్రూడ్రైవరునో కత్తినో సందులో దూర్చి పైకి మీటడం గురించి ఒక్క మాట. సాకెట్ దగ్గర కంటికి కనిపించే సందులు రెండు. హీట్‌సింక్‌కూ లోహపు మూతకూ మధ్యది ఒకటి, మూతకూ దాని కిందున్న ఆకుపచ్చ పలకకూ మధ్యది ఇంకొకటి. చీకట్లో, కంగారులో రెండోదాన్ని మొదటిదనుకుని బ్లేడు పెడితే తెగేది పేస్టు కాదు, మూతను పలకకు అతికించిన బంధం, దాని వెనకే చిప్. ప్రాసెసర్ ఇంకా సాకెట్‌లో ఉండగా లోహపు పనిముట్టు ఏదీ ఆ చుట్టుపక్కలకు రాకపోవడమే మేలు.

మునుపు ఎవరైనా మామూలు పేస్టుకు బదులు ద్రవలోహం వాడి ఉంటే గుర్తుపట్టడం తేలిక, అంచుల్లో పాదరసంలా మెరిసే చుక్కలు కనిపిస్తాయి. అందులోని గాలియం అల్యూమినియాన్ని తినేస్తుంది, రాగిలోకి మెల్లగా ఇంకి గట్టిపడుతుంది. అది విద్యుత్తును కూడా ప్రవహింపజేస్తుంది కాబట్టి ఒక చుక్క సాకెట్‌లో పడినా షార్ట్ అవుతుంది. అలాంటిది కనిపిస్తే అక్కడితో ఆపి, తెలిసినవాళ్ళ చేతికి ఇవ్వడం మంచిది.

ప్రాసెసర్ కూడా ఊడివచ్చేస్తే

గుండె గుభేలుమన్నా చేతులు మాత్రం కదలకూడదు. చాలా పిన్నులు వంగేది ఊడివచ్చినప్పుడు కాదు, ఆ తర్వాత కంగారులో హీట్‌సింక్‌ను బల్లమీద పెట్టేటప్పుడు. ఫ్యాను బల్లకు ఆనేలా, పిన్నులు ఆకాశం చూసేలా హీట్‌సింక్‌ను తలకిందులుగా పెట్టండి. పక్కన ఫ్యాను తీగ పైకి లేచి పిన్నులకు తగలకుండా చూడండి. ముందు టార్చి వెలుతురులో సాకెట్‌ను చూసి, అందులో విరిగిన పిన్ను ముక్క ఏదీ మిగల్లేదని నిర్ధారించుకుని, దుమ్ము పడకుండా శుభ్రమైన కాగితం కప్పండి.

ఇప్పుడు ప్రాసెసర్‌ను విడదీయడం నిజానికి ఇంతకుముందుకన్నా సులువు, అన్ని వైపుల నుంచీ అందుతుంది. హీట్‌సింక్ దిమ్మను పక్కల నుంచి హెయిర్ డ్రయ్యర్‌తో రెండు మూడు నిమిషాలు వేడి చేయండి. ఆకుపచ్చ పలకను నాలుగు అంచుల దగ్గర మాత్రమే వేళ్ళతో పట్టుకుని, పిన్నులను తాకకుండా, ముందు చెప్పినట్టే మెలితిప్పండి. వేళ్ళు జారుతుంటే అంచుల మీద పొడిగుడ్డ వేసుకోండి. ప్లయ్యరు పట్టకండి. అలా కూడా రాకపోతే ఏటీఎం కార్డు మూలను మూతకూ దిమ్మకూ మధ్య సందులో పెట్టి, మీటకుండా, చదునుగా లోపలికి తోయండి. వదలగానే ప్రాసెసర్ జారి పడిపోయే అవకాశం ఉంది కాబట్టి కింద మడతపెట్టిన దుప్పటి పరిచి ఉంచడం నా అలవాటు. మొత్తాన్ని ఫ్రిజ్‌లో పెడితే పేస్టు పెళుసై ఊడుతుందని సలహా ఇచ్చేవాళ్ళు ఉంటారు. విశాఖలాంటి ఉక్క ఊళ్ళో ఫ్రిజ్ నుంచి తీసిన స్టీలు గ్లాసు నిమిషంలో ఎలా చెమటపడుతుందో చూసినవాళ్ళు ఆ నీరు పిన్నుల మధ్య చేరడం కూడా ఊహించగలరు.

వంగిన పిన్నులు

ప్రాసెసర్‌ను కంటి ఎత్తులో పట్టుకుని పిన్నుల వరసల వెంట ఒకవైపు నుంచి చూడండి, తర్వాత 90 డిగ్రీలు తిప్పి రెండోవైపు నుంచి చూడండి. నిటారుగా ఉన్న వరస దూరానికి పోయే కొబ్బరితోట బాటలా ఖాళీగా కనిపిస్తుంది, వంగిన పిన్ను ఆ బాటలోకి తొంగిచూస్తుంది. నేను చేసిన పొరపాటు ఇక్కడే, ఒకవైపు నుంచే చూసి రెండు పిన్నులు సరిచేసి సంబరపడ్డాను. రెండోవైపుకు వాలిన మూడోది ఆ కోణంలో కనిపించదు.

సరిచేయడానికి 0.5 లేదా 0.7 మిల్లీమీటర్ల మెకానికల్ పెన్సిల్ మంచి పనిముట్టు. లోపలి ములుకు తీసేస్తే ముందున్న సన్నని లోహపు గొట్టం ఖాళీ అవుతుంది. దాన్ని పిన్ను మీదికి తొడిగి, పిన్ను మొదలు నుంచి నిలబెడుతున్నట్టు కొద్దికొద్దిగా వంచండి, చివరను మాత్రమే వంచితే మధ్యలో మెలిక మిగిలిపోతుంది. ఒక వరస మొత్తం ఒకేవైపు వాలితే ఏటీఎం కార్డు అంచును రెండు వరసల మధ్య దూర్చి నెమ్మదిగా సరిచేయవచ్చు. ఒకే పిన్నును పదేపదే అటూ ఇటూ వంచితే లోహం అలసి విరుగుతుంది, ఒకటి రెండు ప్రయత్నాల్లో అయిపోవాలి. తొంభై శాతం నిటారైతే చాలు, మిగతాది సాకెట్ రంధ్రమే సరిచేసుకుంటుంది. పిన్ను విరిగితే మాత్రం ఇంట్లో చేయగలిగేది లేదు, టంకం పనిలో ఆరితేరిన చిప్‌లెవెల్ మెకానిక్ దగ్గరికే వెళ్ళాలి, ఆ విరిగిన ముక్కను పారేయకుండా కాగితంలో చుట్టి పట్టుకెళ్ళండి.

మళ్ళీ కూర్చడం

పాత పేస్టును ముందు పొడిగుడ్డతో తుడిచి, మిగిలిన మరకను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన గుడ్డతో మూత మీద ఉన్న అక్షరాలు స్పష్టంగా కనిపించేదాకా తుడవండి. గట్టిపడిన పేస్టు దిమ్మ మీద చెక్కులా ఉంటే ఏటీఎం కార్డు అంచుతో గీకవచ్చు. సాకెట్ లీవరును పూర్తిగా నిలబెట్టి, ప్రాసెసర్ ఒక మూలనున్న బంగారు రంగు త్రిభుజాన్ని సాకెట్ మీది త్రిభుజంతో కలిపి, కేవలం ఆనించండి. ప్రాసెసర్ తన బరువుతోనే లోపలికి దిగాలి. దిగకపోతే వేలితో నొక్కవద్దు, తీసి పిన్నులను మళ్ళీ రెండు వైపుల నుంచీ చూడండి. దిగిన తర్వాత పై నుంచి ఒక వేలు ఆనించి ఉంచి లీవరు దించండి.

కొత్త పేస్టు ఎండు బఠాణీ గింజంత మధ్యలో పెడితే సరిపోతుంది. హీట్‌సింక్‌ను నిటారుగా దించి, మళ్ళీ ఎదురెదురు మూలలుగా, రెండేసి చుట్ల చొప్పున బిగించండి, ఫ్యాను తీగను మర్చిపోకండి.

ఆన్ చేశాక నేరుగా విండోస్‌లోకి పోకుండా బయోస్‌లో రెండు అంకెలు చూడండి. ఒకటి ప్రాసెసర్ ఉష్ణోగ్రత, అది ఏ పనీ లేనప్పుడు ఐదు నిమిషాల తర్వాత కూడా నిలకడగా ఉండాలి, పెరుగుతూ పోతుంటే హీట్‌సింక్ సరిగ్గా ఆనలేదన్నమాట. రెండోది ర్యామ్ మొత్తం. నా కంప్యూటర్లో 16 జీబీ ఉండవలసిన చోట 8 జీబీ కనిపించింది. ర్యామ్ ముక్కలు మార్చి మార్చి పెట్టి ఒక పూట పోగొట్టుకున్నాక గానీ సంగతి బోధపడలేదు. ప్రాసెసర్‌లోని మెమరీ వ్యవహారం రెండు ఛానళ్ళుగా ఉంటుంది, వాటిలో ఒకదానికి సంబంధించిన పిన్ను సాకెట్‌లోకి దిగేటప్పుడు పక్కకు మడిచిపోయింది. మళ్ళీ పావుగంట వేడి చేసి, ఈసారి మెలితిప్పి తీసి, కిటికీ దగ్గర వెలుతురులో రెండోవైపు నుంచి చూస్తే ఆ మూడో పిన్ను బాటకు అడ్డంగా పడుకుని కనిపించింది. పెన్సిల్ గొట్టం తొడిగి లేపి, మళ్ళీ కూర్చాక 16 జీబీ వచ్చింది. క్యాబినెట్ పక్క తలుపు బిగించింది ఆ అంకె కనిపించాకే.